లింటల్ ఉన్నది

మంచిర్యాలలో లింగారావు ఇంటిని చూసి బాగుందన్న పాపాన ఎవరూ పోలేదు. తూర్పు ముఖం ఇల్లు. రోడ్డు మీద నిలబడి చూస్తే కుడిచేతి మూలన టేకు దర్వాజ, దాని పక్కనే ఒక కిటికీ. ఇక అక్కడి నుంచి ఎడమ మూల దాకా ఇరవై అడుగుల బోడి గోడ. పదిహేనేళ్ళ కింద పైన మేడ వేసినప్పుడు దానికి మాత్రం కిటికీలు వరసగా, సమంగా పెట్టారు. దాంతో కిందిది మరీ అవకతవకగా కనిపించసాగింది. ఆటోవాళ్ళు దానికి గోదాం ఇల్లు అని పేరు పెట్టేశారు. లోపల ఒక్క బస్తా కూడా లేదు పాపం. ఆ గోడ వాలకం చూసి అలా అన్నారు, అంతే.

ఆ గోడ అన్నేళ్ళు అలా ఉండిపోవడానికి కారణం అజీముద్దీన్ సుతారి. పునాది నుంచి పైకప్పు దాకా ఆ ఇల్లు తాపీ పట్టి కట్టింది ఆయనే. లింగారావు రెండుసార్లు అక్కడ కిటికీ పెట్టించాలనుకున్నాడు, రెండుసార్లూ అజీముద్దీనే అడ్డం పడ్డాడు.

"అది ఆగ్నేయం దిక్కు గోడ రావుసాబ్. బొక్క వెట్టినమంటే ఇంటి ఆడోళ్ళ పానానికి మంచిది గాదు. నా మాటిను" అనేవాడు.

ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. అయినా వాస్తు మొదలుపెట్టాడంటే పంతుళ్ళే పక్కకు తప్పుకోవాలి. లింగారావుకు అసలే వాస్తు పిచ్చి. ఆ మాట విని భయపడి ఊరుకునేవాడు. ఒక సాయిబు తన ఇంటి వాస్తు గురించి ఇంత పట్టించుకుంటున్నాడని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా. అసలు సంగతి అజీముద్దీన్‌కు, ఆ పైవాడికి తప్ప మూడోవాడికి తెలియదు.

ఈసారి మాత్రం ఆ పప్పులు ఉడికేట్టు లేవు. లింగారావు కోడలు స్నిగ్ధ పళ్ళ డాక్టర్. మంచిర్యాల జిల్లా అయ్యాక ఊరు పెరిగింది, ఆ వీధి పెరిగింది, ముందు గదిలో క్లినిక్ పెట్టుకుంటే బాగుంటుందని ఆమె అనుకుంది. కానీ ముందు ఆ ఇంటి మొహం మారాలి.

"గోదాంల పండ్లు పీకిచ్చుకునెటందుకు ఎవలస్తరు మామయ్యా?" అని అడిగింది.

ఆ పని ఆమె ఎవరికిచ్చిందో తెలిసినరోజు అజీముద్దీన్ అన్నం సగంలో వదిలేశాడు. ఇచ్చింది ఆయన కూతురు నౌషీన్‌కే. సివిల్ డిప్లొమా చేసి, కరీంనగర్‌లో ఒక ఇంజనీరు దగ్గర రెండేళ్ళు డ్రాయింగులు వేసి, ఈ మధ్యే సొంతంగా పని పట్టుకోవడం మొదలుపెట్టింది. ఇదే మొదటి పని. ఇది బాగా కుదిరితే అదే వీధిలో ఇంకో రెండిళ్ళవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

పిల్ల గీసిన ఎలివేషన్, అంటే ఇంటి ముందు భాగం బొమ్మ, చూస్తే అజీముద్దీన్‌కే ముచ్చటేసింది. దర్వాజ జోలికి పోలేదు. ఎడమ మూలన దర్వాజంత ఎత్తున నల్లరాయి పట్టీ పెట్టింది, అది తలుపుకు జోడుగా నిలబడుతుంది. నడుమ ఒకటి, దాని పక్కన ఇంకొకటి నాలుగడుగుల కిటికీలు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే సజ్జ. మొత్తం కలిపి చూస్తే ఆ ఇల్లు మొదటి నుంచీ అలాగే ఉండాల్సిందనిపించేట్టు ఉంది. అంత ముచ్చటలోనూ ఆయన చూపు నడిమి కిటికీ మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

"అబ్బా, గోడంతట లింటల్ ఉన్నది గదా?" అని నౌషీన్ తండ్రిని అడిగింది. లింటల్ అంటే తలుపులు, కిటికీల పైన గోడ పొడుగునా పోసే కాంక్రీటు పట్టీ. కింద సందు ఉన్నా పైగోడ బరువును మోసేది అదే. "ఎడమ మూలకు మీది సిమెంటు గిలాబు గొట్టి చూసిన, మంచిగున్నది. నడుమ కూడ ఓ దెబ్బ గొట్టి చూద్దామా?"

"నేను గట్టిన గోడ నాకే చూపిస్తవా బేటా? లింటల్ ఉన్నది" అన్నాడాయన.

మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. ఆ పిల్ల ఇంకో ప్రశ్న వేయలేదు. డ్రాయింగు కాగితం కింది అంచున పెన్నుతో రాసుకుంది: 'లింటల్ ఉంది. అజీముద్దీన్ సుతారి చెప్పారు.' దాని కింద తన సంతకం పెట్టింది.

లింటల్ ఉన్న మాట నిజమే. ఆ నడుమ నాలుగడుగుల్లో మాత్రం లేదు.

ఇరవై ఏడేళ్ళ కిందటి మాట. అప్పుడు దర్వాజ గోడకు సరిగ్గా నడుమనే ఉండేది. దర్వాజ ఎత్తిన రోజు లింగారావు భార్య రాధాబాయి అన్నదమ్ములు వేములవాడ నుంచి కొత్తబట్టలు తెచ్చారు, గడప కింద నవధాన్యాలు పోశారు, కొబ్బరికాయలు కొట్టారు. ఆ పైన లింటల్ పోశారు. ఇంకో పదకొండు రోజుల్లో స్లాబు. ముహూర్తం పెట్టి ఊరందరికీ చెప్పేశారు. సరిగ్గా అప్పుడు ఎవరో వాస్తు పెద్దమనిషి వచ్చి, దర్వాజ నడుమ పనికిరాదు, ఈశాన్యం మూలకు జరపాలన్నాడు. లింగారావుకు ముద్ద మింగుడు పడలేదు.

"జరుపు అజీమ్. కాని పూజ జేసిన దర్వాజ, దానికి గీత గూడ పడొద్దు" అన్నాడు.

దర్వాజ చట్రం పైన పక్కలకు పొడుచుకొచ్చే కొమ్ములు రెండూ లింటల్ కాంక్రీటులో కూరుకుపోయి ఉన్నాయి. దర్వాజకు గీత పడకుండా తీయాలంటే లింటల్‌ను పగలగొట్టాలి. అజీముద్దీన్ పగలగొట్టాడు. లోపలి ఇనుప రాడ్లు కోసేశాడు. దర్వాజ పువ్వులా బయటికొచ్చింది, లింగారావు శభాష్ అన్నాడు. ఇక ఆ నాలుగడుగులూ మళ్ళీ రాడ్లు కట్టి పోయాలి, పోసింది గట్టిపడేదాకా ఆగాలి. ఆగితే స్లాబు ముహూర్తం తప్పుతుంది. ముహూర్తం తప్పితే ఆ పేరు తన మీదికొస్తుంది, అప్పుడప్పుడే పెద్ద ఇళ్ళు చేతికొస్తున్న రోజులవి. కింద నుంచి పై దాకా నిండుగా ఇటుకే పేర్చేస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు. పేర్చాడు, గిలాబు పూశాడు, సాపు చేశాడు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నిజానికి ఏమీ కాలేదు. కింద ఇటుక నిండుగా ఉన్నన్నాళ్ళూ ఏమీ కాదు కూడా. కానీ ఏటా వానలు వెనకబట్టగానే ఆయన ఏదో పనున్నట్టు ఆ వీధిలోకి వెళ్ళి, ఆ గోడ మీద చీలిక ఏమైనా వచ్చిందా అని చూసొచ్చేవాడు. ఇరవై ఏడు వానాకాలాలు చూశాడు. మేడ వేసినప్పుడు మాత్రం నెల రోజులు కంటి మీద కునుకు లేదు. ఇప్పుడు తన బిడ్డే సరిగ్గా ఆ జాగాలో, తన మాట మీద, గోడకు కోత పెట్టబోతోంది.

ఆదివారం పొద్దున లింగారావు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు.

"రావుసాబ్, ఆగ్నేయం సంగతి మరిచిపోయినవా? కోడలు పిల్లకు తెల్వదు, నువ్వన్న చెప్పాలె."

లింగారావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను చెప్పిన అజీమ్. మా కోడలు ఊకున్నదా? వేములవాడల పంతులును పోయి అడిగొచ్చింది. కిటికీకి దోషం లేదట, తలుపుకే ఉంటదట. ఇగ నేనేం మాట్లాడుదు?"

"పంతుళ్ళకు ఏం తెలుస్తది?" అనేశాడు అజీముద్దీన్.

లింగారావు నవ్వాడు. నవ్వి, కాస్త వంగి, గొంతు తగ్గించాడు. "ఏందే, నీ బిడ్డ మీద నీకే నమ్మకం లేదా? ఆ పిల్ల మీద భరోసతోని ఇయ్యలే మేము. నీ మీద భరోసతోని ఇచ్చినం. నువ్వు గట్టిన గోడ, నీ బిడ్డ తెరుస్తది. ఇంకేం గావాలె?"

ఆగ్నేయం మాట పారకపోతే అజీముద్దీన్ నిజం చెప్పేద్దామనే వచ్చాడు. సగం దూరం మాట వచ్చింది కూడా. లోపల నుంచి రాధాబాయి చాయ్ తెచ్చి చేతికిచ్చింది, ఆమె మొహం చూడగానే మాట వెనక్కి పోయింది. చాయ్ తాగి లేచి వచ్చేశాడు. తనంత పిరికివాడు ఈ మంచిర్యాలలో ఇంకొకడు ఉండడని దారి పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు.

సోమవారం పది గంటలకు కోత. అజీముద్దీన్ తొమ్మిదింటికే ఆటోలో నాలుగు జాకీలు వేసుకొచ్చాడు, స్లాబులకు కింద నుంచి పోటు పెట్టే ఇనుప గుంజలు. గది లోపల స్లాబు కింద నిలబెట్టడం మొదలుపెట్టాడు. నౌషీన్ వచ్చి చూసి నిలబడిపోయింది.

"ఇవెందుకబ్బా?"

"ఊకెనే. నా అలవాటు."

"నాలుగడుగుల కిటికీకి, మీద లింటల్ ఉన్నంక జాకీలెందుకు?" అని, స్నిగ్ధ వినకుండా దగ్గరికొచ్చింది. "మీద రాధాబాయి అత్తమ్మ ఉంటది, కింద జాకీలు జూస్తే భయపడ్తది. నాకు పని రాదని నువ్వే నలుగురికి చెప్పినట్టయితది. తీసెయ్యి అబ్బా, నీకు దండం వెడ్త."

కూతురు కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాడు. ఇదే అదను. ఇప్పుడు చెబితే మూడోవాడికి తెలియకుండా తండ్రీకూతుళ్ళ మధ్యే తేలిపోతుంది. నోరు తెరిచాడు. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల తన వెంట పనుల దగ్గరికొచ్చి, ఇసుక కుప్ప మీద కూర్చుని, మా అబ్బ గోడ వంకర పోదు అని తోటి పిల్లలకు చెప్పుకునేది. ఆ పిల్ల ముందు తన నోటితో తానెలా చెప్పాలి? నోరు మూసుకుని జాకీలు తీసి మూలకు పెట్టాడు. ఆ క్షణంలో తన మీద తనకు ఎంత అసహ్యం పుట్టిందంటే, గోడ తన మీదే పడినా బాగుండుననుకున్నాడు.

కోత మిషన్ పట్టేవాడి పేరు రాజయ్య. బెల్లంపల్లి మనిషి, ఒకప్పుడు బొగ్గుబావిలో చేసినవాడు, నలభై దాటాక ఈ పనిలో కుదురుకున్నాడు. మాట తక్కువ, పని ఎక్కువ. సున్నంతో గీసిన గీత మీద మిషన్ పెట్టాడు. తెల్లటి దుమ్ము వీధంతా కమ్మింది. స్నిగ్ధ చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని రోడ్డు అవతల నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుంటోంది. లింగారావు అరుగు మీదే ఉన్నాడు. మేడ మీద రాధాబాయి బట్టలు ఆరేస్తోంది, మిషన్ ఆగినప్పుడల్లా ఆమె కాలి పట్టీల చప్పుడు కిందికి వినిపిస్తోంది.

ఎడమ గీత కోత అయిపోయింది. కుడి గీత మొదలైంది. అజీముద్దీన్ గోడను చూడడం మానేసి పై అంచునే చూస్తున్నాడు. గిలాబు మీద, ఆ నాలుగడుగుల నడుమ, వెంట్రుకంత చీలిక ఒకటి పైకి పాకింది. నిన్న అది లేదు. ఇరవై ఏడేళ్ళుగా లేదు. ఆ చీలిక తన కంటికే కనిపిస్తోందేమో, తన భయమే అలా కనిపిస్తోందేమో అనుకున్నాడు. అది ఇంకో బెత్తెడు పాకింది.

రాజయ్య మిషన్ ఆపాడు. సుత్తె, ఉలి తీసుకుని స్టూలెక్కాడు. కిటికీ పైవరస నుంచి ఇటుకలు తీసుకుంటూ కిందికి రావాలి. తల సరిగ్గా ఆ జాగా కిందే ఉంది. ఎక్కినవాడు ఎక్కినట్టే తిరిగి చూశాడు.

"అన్నా, మీద లింటల్ గట్టిగున్నదా? మీదికెల్లి కొట్టుకొస్త."

అడిగింది అజీముద్దీన్‌ను. జవాబు మాత్రం నౌషీన్ చెప్పింది, కాగితం చేతిలో పట్టుకుని, నవ్వుతూ.

"ఉన్నది రాజన్నా. మా అబ్బ గట్టిన గోడ."

రాజయ్య తల ఊపి ఉలి పెట్టాడు. సుత్తె ఎత్తాడు.

"లేదు" అన్నాడు అజీముద్దీన్.

ఎవరికీ వినపడలేదు. ఆయన రెండు అంగల్లో గోడ దగ్గరికి పోయి రాజయ్య నడుము పట్టుకుని స్టూలు మీంచి కిందికి లాగేశాడు. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. సుత్తె ఎగిరి అరుగు మీద పడింది, లింగారావు లేచి నిలబడ్డాడు.

"లింటల్ లేదు. నడుమ నాలుగడుగులు లేదు. నేను తీసిన, మళ్ళ పొయ్యలే. మీద అమ్మను పక్కకు పొమ్మను. ముందు జాకీలు వెట్టుండ్రి."

వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. లింగారావు ముందు నమ్మలేదు. "ఏం మాట్లాడుతున్నవ్ అజీమ్? నీకు పానం బాగలేదా?" అన్నాడు.

స్నిగ్ధ ఒక్క ఉదుటున లోపలికి పోయి అత్తను వెనక మెట్ల మీదుగా కిందికి దింపుకొచ్చింది. నౌషీన్ జాకీలు నాలుగూ తనే మోసుకెళ్ళి స్లాబు కింద బిగించింది, బిగింపు రెండుసార్లు చూసుకుంది. బయటికొచ్చి ఆ స్టూలు దూరంగా, గోడకు పక్కగా వేసుకుని ఎక్కి, పొడుగు ఉలితో లింటల్ ఉండాల్సిన ఎత్తున గిలాబు మీద కొట్టింది. పెచ్చు ఊడింది. లోపల ఎర్రగా ఇటుక. ఇంకాస్త పక్కకు కొట్టింది. ఇటుక. ఇంకో అడుగు జరిగి కొట్టింది. నల్లటి కాంక్రీటు అంచు కనిపించింది, అందులోంచి తుప్పు పట్టిన రాడ్లు రెండు, కోసిన మొనలతో బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

ఆ రాడ్లను అందరూ చూశారు. అజీముద్దీన్ మాత్రం నేలను చూస్తూ ఉండిపోయాడు.

"దర్వాజ జరిపినప్పుడు గదా?" అని అడిగాడు లింగారావు. ఆయన గొంతులో కోపం లేదు, అదే అజీముద్దీన్‌కు భరించరాకుండా ఉంది. "మరి ఆగ్నేయమన్నవు. ఆడోళ్ళ పానమన్నవు. నేను ఊరంత చెప్పుకున్న. గా గోడ పక్కపొంటి మంచమేసుకొని పండుకున్న ఇన్నేండ్లు."

"నా తప్పే రావుసాబ్. ముహూర్తం తప్పుతదని భయపడ్డ. తర్వాత చెప్పెటందుకు మొకం చెల్లలే."

రాజయ్య దుమ్ము దులుపుకుంటూ లేచి, ఆ ఇటుకలను, కోసిన రాడ్లను, అజీముద్దీన్‌ను వరసగా చూశాడు. "బతికిచ్చినవ్ అన్నా" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. అజీముద్దీన్‌కు చెంప దెబ్బ తిన్నట్టయింది.

స్నిగ్ధ నౌషీన్ దగ్గరికొచ్చింది. "ఇప్పుడెట్ల? పని ఆపేద్దామా?"

"వద్దు మేడం. ఇనుప బీమ్ తెప్పించి ముందు మీద బరువు పట్టిస్త. మా సార్‌ను కరీంనగర్ నుంచి పిలిపిచ్చి చూపిస్త, ఆయన సరే అన్నంకనే కిటికీ తెరుద్దాం. వారం ఎక్కువ పడ్తది." అని, డ్రాయింగు కాగితం విప్పింది. "తప్పు నాది. గోడ చూడకుంట రాసిన."

కాగితం మోకాలి మీద పెట్టుకుని, 'లింటల్ ఉంది. అజీముద్దీన్ సుతారి చెప్పారు' అన్న వరసను అడ్డంగా కొట్టేసింది. దాని కింద 'నడుమ నాలుగడుగులు లేదు. నేను చూశాను' అని రాసి తేదీ వేసింది. తండ్రి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తిట్టినా బాగుండేది. నలుగురిలో నిలబెట్టి కడిగేసినా ఆయన ఓర్చుకునేవాడు. తన తప్పును ఆ పిల్ల తన నెత్తిన వేసుకుంటే ఆయన అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

వారం కాదు, పదకొండు రోజులు పట్టింది. అదే పదకొండు రోజులు, ఆనాడు స్లాబుకు మిగిలినన్ని. కరీంనగర్ నుంచి వచ్చిన ఇంజనీరు బీమ్ లెక్క చూసి నౌషీన్ వేసిందే ఖాయం చేశాడు. కిటికీలు తెరుచుకున్నాయి. నల్లరాయి పట్టీ ఎడమ మూలన నిలబడింది, సజ్జ ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగింది. దర్వాజ ఎన్నడూ జరగనట్టే ఉంది ఇప్పుడు. ఆటోవాళ్ళు ఆ వీధి మలుపులో ఆగి చూస్తున్నారు. పక్కింటివాళ్ళు నౌషీన్ ఫోన్ నంబరు తీసుకున్నారు. లింగారావు అజీముద్దీన్‌తో మాట్లాడాడు, చాయ్ కూడా పోశాడు, కానీ వాస్తు ఊసెత్తలేదు. ఇక ఎప్పటికీ ఎత్తడని ఇద్దరికీ తెలుసు.

ఇంట్లో నౌషీన్ ఎప్పటిలాగే ఉంది. అన్నం పెట్టింది, మందులు గుర్తుచేసింది. ఏ ఇంటి పని గురించీ మాత్రం ఆయన్ను అడగలేదు. అంతకుముందు రోజుకు పదిసార్లు అడిగేది.

క్లినిక్ బోర్డు పెట్టిన రోజు సాయంత్రం అజీముద్దీన్ అసర్ నమాజు చదివి ఇంటికొస్తున్నాడు. గల్లీ మొదట్లోనే చప్పుడు వినిపించింది. టక్, టక్. చేయి తిరిగిన చప్పుడు, ఆమెకు చిన్నప్పటి నుంచి ఆయన నేర్పిన చప్పుడే. ఇంటి ముందుకొచ్చేసరికి నౌషీన్ స్టూలెక్కి ఉంది. చేతిలో చిన్న సుత్తె. తమ ఇంటి దర్వాజ పైన గోడ మీద జానెడు జానెడు జరుపుకుంటూ కొడుతోంది, చెవి దగ్గరగా పెట్టి వింటోంది. నౌషీన్ పుట్టిన ఏడు, ఆమె కోసమని, రెండు చేతులా ఇటుక మీద ఇటుక పెట్టి ఆయన కట్టుకున్న ఇల్లది.

తండ్రిని చూసి చేయి ఆపింది. దొరికిపోయినట్టు తల దించుకోలేదు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళలోకి చూసింది.

"గీడ ఉన్నదా అబ్బా?"

ఉన్నది అనబోయాడు. నిజంగానే ఉన్నది. ఈ ఇంటికి ఒక రాడ్ ఎక్కువే వేశాడు. నాలిక చివరిదాకా వచ్చిన ఆ మాటను మింగేశాడు.

"కొట్టి చూడు బేటా" అన్నాడు.

వెళ్ళి స్టూలు కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. నౌషీన్ మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. లోపల అంతటా కాంక్రీటే, గట్టిగా పలుకుతోంది. ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒక్క జానెడు కూడా వదలకుండా కొట్టి చూసింది.